ఆరని రంగు

ఆ కొండల దారిని ఈ కొస నుంచి ఆ కొస దాకా మొదటిసారి ఒంటరిగా నడిచిన మనిషి ఆమె మేనత్త. వెనక వచ్చేవాళ్లు దారి తప్పకూడదని బండల మీద తెల్లరంగుతో గీతలు గీసిందీ ఆవిడే. అత్త పోయాక, వెలిసిపోయిన గీతలకు మళ్లీ రంగు వేసే పని మేనకోడలు నెత్తికెత్తుకుంది.

"ఒక్కదానివే ఎందుకు? నేనూ వస్తానుగా," అన్నాడు మొగుడు.

"అత్తకి తోడెవరున్నారు?" అని రంగుడబ్బా తీసుకుని బయలుదేరింది.

బస చేయాల్సిన గుడిసె చేరకముందే చీకటి పడింది. టార్చి వెలుగులో ఒక గీత కొత్తగా మెరిసింది. ముట్టుకుంటే రంగు వేలికి అంటుకుంది. గీత ఒక పక్కకు వాలి ఉంది. అత్తది ఎడమచేతి వాటం. ఆవిడ గీతలన్నీ అలాగే వాలేవి.

ఆమె టార్చి పైకెత్తింది. దారి గుడిసె వైపు దిగుతోంది. తర్వాతి గీత మాత్రం పైన, దారే లేని చెట్ల మధ్య తెల్లగా కనపడుతోంది. అటునుంచే రాళ్ల మీద చేతికర్ర చప్పుడు వినిపించింది. అది మెల్లగా దూరమవుతోంది. చిన్నప్పుడు అత్త కర్ర చప్పుడు వెనక పరిగెత్తి, "నువ్వు నడవలేవు, ఇంటికి పో" అనిపించుకుని ఎన్నిసార్లు ఏడ్చిందో!

"అత్తా, నేనూ వస్తా," అంది ఆమె.

చప్పుడు ఆగింది. గాలి కూడా ఆగినట్టనిపించింది.

ఆమె దారి మీంచి ఒక కాలు తీసి గడ్డిలో పెట్టింది. పైన కర్ర చప్పుడు మళ్లీ మొదలైంది, ఈసారి ఆమె నడకకు తగ్గట్టు, నెమ్మదిగా.