ఎల్లప్ప జ్ఞాపకార్థం

"మజ్జిగ తాగు టీచరమ్మా. ఎండలవడి వచ్చినవ్," అన్నాడతను.

రాజమణి గ్లాసు అందుకుంటూ మర్యాదకు పేరడిగింది.

"ఎల్లప్ప. నాగమణమ్మ కొడుకును."

రాజమణి అతన్ని ఎగాదిగా చూసింది. బళ్ళో ఆమె రోజూ కూర్చునే కుర్చీ పైన ఒక ఫ్యాను తిరుగుతుంటుంది. దాని రెక్క మీద తెల్లరంగుతో, 'కీ.శే. ఎల్లప్ప జ్ఞాపకార్థం, తల్లి నాగమణమ్మ' అని రాసి ఉంటుంది. ఆ ఎల్లప్పే ఇప్పుడు లుంగీ ఎగగట్టి బర్రెలకు గడ్డి వేస్తున్నాడు.

కిషన్‌బాగ్‌లో ఆ పాల ఇంటికి పోయి టీవీ అడగమన్నది హెడ్మాస్టరు సీతారాం గారే. సర్కారు ఆ ఏడు కొన్ని బడులకు టీవీలో పాఠాలు చూపిస్తామన్నది. అయితే టీవీ డబ్బా మాత్రం బడే సంపాదించుకోవాలి. శనివారంలోగా రాకపోతే ఆ అవకాశం ఇంకో బడికి పోతుంది. అగ్నిపర్వతాన్నీ సముద్రాన్నీ సుద్దముక్కతో గీసి గీసి విసిగిన రాజమణికి ఎలాగైనా ఆ టీవీ రావాలనిపించింది. చార్మినార్ గాజుల దుకాణాల నుంచి మలక్‌పేట దాకా ఎక్కని గడప లేదు. అందరూ మంచినీళ్ళిచ్చి పంపారు. ఇక మిగిలింది ఈ ఇల్లే.

"అక్కడ ఏం చూసినా బెదరకండి," అని కూడా అన్నాడాయన. ఎందుకో చెప్పలేదు.

ఇంతలో ఒకామె పాలతపేలా ఎత్తుకుని ఎదురొచ్చింది. "సత్తెమ్మా, జర పైలం, జారుతది," అని లోపలినుంచి ముసలి గొంతు పలికింది.

రాజమణి గ్లాసు కింద పెట్టేసింది. బడిలో రేడియో మీద కూడా 'కీ.శే. సత్తెమ్మ జ్ఞాపకార్థం' అని రాసి ఉంటుంది.

నాగమణమ్మ చీపురు పక్కన పెట్టి బయటికొచ్చింది. రాజమణి ముఖం చూసి బోసినోటితో నవ్వింది.

"దయ్యాలనుకున్నవా బిడ్డా? కూసో. ఎల్లప్పకు కామెర్లు ముదిరినయి. దవఖానోళ్ళు ఇంటికి తీస్కపొమ్మన్నరు. గప్పుడు మా అత్త చెప్పింది. మనిషి సచ్చిండని ముందుగాలనే మాట పుట్టిస్తే యముడు ఇటు రాడంట. తీస్కపోయినమనుకొని మళ్ళుతడంట."

"అందుకని ఫ్యానా?"

"ఇంట్ల రాస్తే ఎవలు సదువుతరు? బడిల అయితే పిల్లలు దినాం సదువుతరు. గన్ని నోళ్ళు కీర్తిశేషుడు, కీర్తిశేషుడు అంటుంటే యముడైనా నమ్మాలె గద!"

"నన్ను సంపి ఫ్యానెక్కిచ్చింది మాయమ్మ," అన్నాడు ఎల్లప్ప గడ్డి విదిలిస్తూ. "బర్రెలు గూడ ఇజ్జత్ ఇస్తలేవు."

"నోర్ముయ్. బతికినవా లేదా?"

రాజమణికి నవ్వొచ్చింది, కానీ పెదవి దాటలేదు. "మరి సత్తెమ్మకేం రోగం?"

"దానికి రోగం లేదు. మొఖంల కనవడ్డది నాకు. గంతే." ముసలమ్మ గొంతు తగ్గించింది. "కనవడుతది బిడ్డా. ఎట్లని అడగకు."

రాజమణి కొంగుతో తన ముఖం తుడుచుకుంది. అయినా వచ్చిన పని మరిచిపోలేదు. తన పేరు, పాఠాల సంగతి, శనివారం గడువు, అన్నీ చెప్పింది.

"టీవీయా? ఏం టీవీ బిడ్డా! ఇప్పుడు మా ఇంట్ల అందరు మంచిగున్నరు. ఎవరి పేరు రాపియ్యాలె?"

"ఊరికే ఇవ్వరాదా అమ్మా? సముద్రం ఎట్లుంటదని పిల్లలు అడుగుతరు. నేను కూడా చూడలేదు. మూసీ చూపించి ఇంతకంటే పెద్దదని చెప్తున్న. వాళ్ళు ఒక్కసారి చూస్తే చాలు. ఆ తర్వాత నేనుండకపోయినా వాళ్ళకు యాదుంటది."

నాగమణమ్మ తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. సరిగ్గా అప్పుడే లోపల కోడలు బుచ్చమ్మ దగ్గింది. తెరలు తెరలుగా, ఆగకుండా దగ్గింది. ముసలమ్మ నవ్వు ఆరిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తెస్త. శనివారం దాక ఎందుకు? రేపే తెస్త," అంది గబగబా.

రాజమణికి సంతోషం వేసింది, వెంటనే సిగ్గూ వేసింది. పాపం, కోడలికి ఏం కాబోతున్నదో. లేచి నిలబడితే ముసలమ్మ ఆమె చెంపలు నిమిరి మెటికలు విరిచింది.

"ఇంటిపేరేంది బిడ్డా మీది?"

"చింతల వాళ్ళం."

"మెల్లగ పో. రోడ్డు దాటేటప్పుడు చూస్కొని పో తల్లీ."

మర్నాడు ప్రార్థన కాగానే రిక్షాలో టీవీ వచ్చింది, దుప్పటి కప్పుకుని. ఎల్లప్ప దాన్ని ఎత్తుకొచ్చి పెద్ద గదిలో బల్ల మీద పెట్టాడు. పిల్లలు ఒకరిమీద ఒకరు పడ్డారు.

"బుచ్చమ్మకు ఎట్లున్నది?" రాజమణి మెల్లగా అడిగింది.

"బుచ్చమ్మకా? దానికేమైంది?"

"నిన్న దగ్గింది కదా."

"పొయ్యి పొగకు దగ్గిందమ్మా. ఇప్పుడు పాలు పిండుతున్నది, దాని నోటికి ఎదురు లేదు." చెప్తూ చెప్తూ అతను ఆమె ముఖంలోకి చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"మరి మీ అమ్మ ఎందుకిచ్చింది?"

ఎల్లప్ప తల తిప్పి గేటు వైపు చూశాడు. గేటు బయట నాగమణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. రమ్మని పిలిస్తే తల అడ్డంగా ఊపింది.

"మీ మాటకే కదా వచ్చింది, మీరే దుప్పటి తీయాలి టీచర్!" అన్నాడు సీతారాం గారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. రాజమణి దుప్పటి అంచు పట్టుకుని లాగింది.

ముందు వరసలో పిల్ల ఒకతి డబ్బా మీది తెల్లరంగు అక్షరాలను గట్టిగా, కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది.

"కీర్తిశేషురాలు... చింతల... రాజమణి."