కూరలో ఉప్పు

సముద్రం పొలం గట్ల దాకా వచ్చేశాక దివిసీమలో ప్రతి చేనులోనూ ఒక ఉప్పుపుల్ల పాతారు. ఏ మడిలో ఉప్పు ఎక్కువని పుల్ల చెబితే, కాలువ తూము దానంతటదే ఆ మడికి ముందు మంచినీళ్లు వదులుతుంది. బతిమాలేదీ లేదు, తగాదా పడేదీ లేదు.

తరుణ్ చేను నిజానికి బాగానే ఉంది. అయినా వంతు దాకా ఆగలేక, వంటింట్లోంచి దోసెడు ఉప్పు తెచ్చి పుల్ల మొదట్లో పోశాడు. తూము అతని వైపు తెరుచుకుంది. మూడు రోజులు నీళ్లన్నీ అతనికే వచ్చాయి. నాలుగో రోజుకి పక్కచేను లాస్యమ్మ నారుమడి మంచినీళ్లందక, ఉప్పుకి సగం మాడిపోయింది.

ఆ సాయంత్రం డెబ్బై ఏళ్ల లాస్యమ్మ రెండు నారుకట్టలు నెత్తిన పెట్టుకుని అతని గట్టెక్కింది.

"నీ చేనే బాగా చెడిందంట గదా నాయనా. నా మడిలో అంత ఉప్పులోనూ బతికిన నారిది. ముందు నువ్వు నాటుకో."

"వద్దు పిన్నీ" అన్నాడు తరుణ్.

ఆవిడ వినిపించుకోలేదు. పాత అలవాటు కొద్దీ వంగి, పుల్ల దగ్గర చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకుంది. కాసేపు చప్పరించింది.

"సముద్రపు ఉప్పయితే చివర్న చేదు తగులుద్ది" అంది నెమ్మదిగా. "ఇది కూరలో ఉప్పు."

తరుణ్ తలెత్తలేకపోయాడు. తిట్టినా బాగుండేది. లాస్యమ్మ నారుకట్టలు అతని కాళ్ల దగ్గర దించింది.

"నీళ్లలో పెట్టు, వాడిపోద్ది" అని చెప్పి గట్టు దిగింది.