కనుమ మీది గీత

“లేచింది! కనుమ గీత లేచింది!”

మనసరా కేకకు పక్క కొట్లోని మనుషులు కూడా పరిగెత్తుకొచ్చారు. సిమ్‌ఖర్క బజారులోని ఆ చిన్న గదిలో జున్‌కుమారి ఒక్కతే కదలకుండా తెర ముందు కూర్చుని ఉంది.

తెర మీద పద్నాలుగు గళ్ళు. చుట్టూ కొండల మీద నిలబెట్టిన పద్నాలుగు సిగ్నల్ పెట్టెలకు ఒక్కోదానికి ఒక్కో గడి. సాఫ్ట్‌వేర్ ఐదు నిమిషాలకోసారి ఒక్కో గడికీ రాసిపెట్టిన అడ్రసు పట్టుకుని ఆ పెట్టెలన్నిటినీ పలకరిస్తుంది. పలికితే పచ్చగీత, బ్యాటరీ ఎంత నిండితే అంత పైకి. పలక్కపోతే ఖాళీ. అది డబ్బు పెట్టి కొన్నది కాదు. ఎవరో రాసి, వాడుకోండి, కావాలంటే విప్పి మార్చుకోండి అని లోకానికి వదిలేసినది. పోఖరా కాలేజీలో చదువుకున్న జున్‌కుమారి దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టింది.

చౌరీ కనుమ గడి తొమ్మిది రోజులుగా ఖాళీ.

మంచు తుఫాను వచ్చి తొమ్మిది రోజులు. కనుమ మీది పెట్టెకు కాపలా తిలక్. జున్‌కుమారి భర్త. వాళ్ళ పెళ్ళయి రెండున్నర నెలలు.

కనుమ మీద కాపలావాడు పొద్దున్నే చెయ్యాల్సింది ఒక్కటే. చీపురు పట్టుకుని సోలార్ ప్యానెళ్ళ మీది మంచు ఊడవాలి. ఊడిస్తే బ్యాటరీ నిండుతుంది, ఇక్కడ గీత లేస్తుంది. ఊడ్చే మనిషి లేకపోతే గీత లేదు.

అందుకే నిన్న సాయంత్రం ఊరి కమిటీ పెద్ద గర్జమాన్ తేల్చి చెప్పేశాడు.

“గుర్తు కనబడందే మనుషుల్ని పంపను. కిందటేడు ఒకణ్ణి వెతకబోయి ఇద్దర్ని పోగొట్టుకున్నాం. మబ్బు విడిచాక హెలికాప్టర్ వస్తుంది. అప్పటిదాకా కాచుకుందాం.”

మబ్బు ఎప్పుడు విడుస్తుందో ఎవరూ చెప్పలేదు. జున్‌కుమారి వాదించలేదు. ఏడవలేదు కూడా.

ఇప్పుడు గుర్తు కనబడింది.

“మా తమ్ముడే! చిన్నప్పుడు మేకలపాక ఊడవరా అంటే గోడ దూకి పారిపోయేవాడు. ఇప్పుడు చూడండి, చీపురు పట్టాడు!” మనసరా నవ్వుతూనే ఏడుస్తోంది.

“పెళ్ళాం వచ్చాక చీపురు పట్టనివాడెవడు దిదీ!” అన్నారెవరో. గదంతా నవ్వింది.

మనసరా వేడివేడి టీ గ్లాసు తెచ్చి మరదలి చేతిలో పెట్టింది. జున్‌కుమారి గ్లాసు పట్టుకుంది. వేడి తెలియలేదు.

“ఏంటే పిల్లా, వేళ్ళు ఇలా కమిలిపోయాయి?”

“చలి దిదీ.”

“పక్కన కుంపటి పెట్టుకుని చలేంటి? తొమ్మిది రోజులుగా తిండి మానేస్తే ఒంట్లో నెత్తురెక్కడుంటుంది? ఇదిగో బియ్యప్పిండి సేల్ రొట్టె. తింటావా, నోట్లో కుక్కనా?”

మనసరా ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని రుద్దింది. ఎవరివో చేతుల్ని ఎవరో రుద్దుతున్నట్టుగా జున్‌కుమారి చూస్తూ ఉండిపోయింది.

గర్జమాన్ వచ్చాడు. నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించి, తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు.

“ఇంత నున్నగా ఉందేంటి గీత? తిలక్ సగం ప్యానెల్ ఊడుస్తాడు, టీ తాగడానికి పోతాడు, మళ్ళీ వచ్చి మిగతా సగం ఊడుస్తాడు. వాడి గీత ఎప్పుడూ మెట్లు మెట్లుగా లేస్తుంది. ఇవాళ ఒక్క ఊపున లేచిందే!”

గదిలో నవ్వులు ఆగాయి.

“తొమ్మిది రోజులైంది. ఇంకా టీ ఎక్కడిది దాయీ?” అంది జున్‌కుమారి.

గర్జమాన్ కళ్ళజోడు మళ్ళీ నుదుటి మీదికి తోసుకున్నాడు. “అదీ నిజమే. ఫోను?”

“పలకడం లేదు.”

“తడిసిపోయుంటుందిలే. మనిషి ఉన్నాడు, చాలు.”

ఆయన గోడకున్న కాలెండర్ చించి, వెనకవైపు పేర్లు రాయడం మొదలుపెట్టాడు. ఎనిమిది మంది. తాళ్ళు, పారలు, మూడు రోజుల అటుకులు. ముందు నడిచేది తనే. కనుమ కింద వాలు మంచిది కాదు, గట్టిగా అరిస్తే చాలు మంచు జారుతుంది. అక్కడ ఎవరూ నోరెత్తకూడదు.

“మా ఆయన పేరు రాయండి దాయీ,” అంది మనసరా.

జున్‌కుమారి చటుక్కున తెర మీంచి తల తిప్పింది.

“అన్నయ్యనెందుకు దిదీ? ఆయనకు మోకాలు బాగాలేదుగా.”

“బావమరిది బతికున్నాడని తెలిశాక మోకాలేం చేస్తుందే? వద్దన్నావని తెలిస్తే నిన్ను తన్నేస్తాడు!”

గర్జమాన్ ఎనిమిదో పేరు రాశాడు. జున్‌కుమారి పేర్లన్నీ పై నుంచి కింది దాకా చదివింది. ఎనిమిది మందీ తెలిసినవాళ్ళే. వాళ్ళలో ఐదుగురు ఆమె పెళ్ళిలో డోలు వాయించారు. తెర వైపు తిరిగింది.

ఐదు నిమిషాలయింది. పచ్చగీత ఇంకో చుక్క ముందుకు జరిగింది. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు.

గర్జమాన్ గుమ్మంలో నిలబడి బజారంతా వినబడేలా చెప్పాడు. “రేపు తెల్లవారి ఐదింటికి బయల్దేరుతున్నాం. వాణ్ణి తీసుకునే దిగుతాం!”

అందరూ వెళ్ళాక జున్‌కుమారి తలుపు దగ్గరగా వేసి, చౌరీ కనుమ గడిలో తను మార్చి పెట్టిన అడ్రసును మరోసారి సరిచూసుకుంది: అది ఇదే ఇంటి డాబా మీద, ఈ వేకువన తను మంచు ఊడ్చిన ప్యానెల్‌కు తనే బిగించిన అదనపు పెట్టెది.