మేస్త్రి నడక

బడి పిల్లల నటన పోటీలో, స్టేజీ మీద కూతురు ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంటే జనం పడీ పడీ నవ్వుతున్నారు. పిల్లల పార్కులో ఆ స్టేజీ కట్టిన మేస్త్రి ఆమె తండ్రే. కడుతుండగా బండ జారిపడి ఆయన ఎడమ కాలు అవిటిదైంది.

పక్కనున్న భార్య తల వంచుకుంది.

"నవ్వనీవే. ఎంత బాగా చేస్తోందో చూడు," అన్నాడు మేస్త్రి.

మొదటి బహుమతి కూతురికే వచ్చింది.

"ఎవర్ని చూసి నేర్చుకున్నావమ్మా?" మైకులో అడిగింది టీచరు.

తనను చూపిస్తుందని మేస్త్రి చొక్కా సర్దుకున్నాడు. కూతురు ఆయన వైపే చూసింది.

"ఎవరో తెలీదు టీచర్. రోడ్డు మీద పోతుంటే చూశా."

అందరితోపాటు మేస్త్రీ చప్పట్లు కొట్టాడు.

"లే, ఇంటికి పోదాం," అంది భార్య.

"అందర్నీ వెళ్ళనీ. నేను నడిస్తే అది నా కూతురని తెలిసిపోతుంది."