కొత్త మనిషి

"ఈవిడనా ఆటకి కూర్చోబెట్టేది?" రచయిత గొంతు తగ్గించాడు. "మీకిది న్యాయంగా ఉందా మేడమ్?"

"ఇంతకంటే కొత్త మనిషిని నేనెక్కణ్ణుంచి తేను?" అంది కోడలు, రెండు గదుల మధ్య ఉన్న అద్దం మీంచి చూపు తిప్పకుండా.

అద్దానికి అవతలి గదిలో అత్తగారు సోఫా అంచున కూర్చుని, చేతిలో పెట్టిన కంట్రోలర్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు.

ఏళ్ల తరబడి ఒక భాగం తర్వాత ఒకటిగా వస్తున్న వీడియో గేమ్ అది. పడవలు, రేవులు, పాత పగలు. అలవాటైనవాళ్లకి ప్రాణం. కొత్తవాళ్లు మాత్రం గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతున్నారు. రాబోయే భాగానికి దర్శకురాలు కోడలే. ఇంతవరకూ పిలిపించిన కొత్తవాళ్లలో ఒక్కరూ మొదటి ఘట్టం దాటలేదు. ఇవాళా అంతే అయితే ఈ ఆటకి మంగళం పాడేస్తానని కంపెనీ యజమాని తేల్చి చెప్పాడు. ఇప్పుడు చేతులు కట్టుకుని, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

ముందు పాత ప్రారంభమే చూపించాలని రచయిత పట్టుబట్టాడు. తెర మీద ఒక ముసలి సరంగు పడవ దిగి, "వచ్చావా! ఆనాటి మాట మరిచిపోలేదుగా?" అన్నాడు. వెనకాలే ఇంకో ఇద్దరొచ్చి ఏవేవో యుద్ధాలు గుర్తుచేశారు.

అత్తగారు మొహం చిట్లించారు. "ఎవరమ్మాయ్ వీళ్లంతా?" ఆవిడ గొంతు స్పీకర్‌లో వినిపించింది. "ముక్కూ మొహం తెలియనివాళ్లు నన్ను పలకరిస్తారేమిటి? అన్నీ నాకు తెలిసినట్టే మాట్లాడతారు. ఎవరు రాశారోగానీ, బొత్తిగా బుర్రలేని పని!"

రచయిత మొహం పాలిపోయింది. "ఆ సరంగు మాటలు మొదటి భాగంలోవి మేడమ్. అక్షరం మార్చనివ్వనని పోట్లాడింది నేనే."

అత్తగారు కంట్రోలర్ పక్కన పెట్టి లేచారు. "నేను ఇంటికి పోతాను."

"చెప్పానా?" అని నిట్టూర్చాడు యజమాని.

కోడలు గబగబా మైకు మీదకి వంగింది. "అత్తయ్యా, ఇంకొక్కటి చూడండి. నచ్చకపోతే వెంటనే వెళ్లిపోదాం."

అత్తగారు వెనక్కి తిరిగి, "సరే, నీకోసం" అని కూర్చున్నారు.

ఎవరూ ఒప్పుకోక మూలపడి ఉన్న తన కొత్త ప్రారంభాన్ని కోడలు తెర మీదకి తెచ్చింది. పొగమంచు, చిన్న పడవ, ఒక తెడ్డు. అంతే.

అత్తగారు ఒక మీట నొక్కారు. పడవ గిర్రున తిరిగింది. ఇంకోటి నొక్కారు. పడవ బుడుంగున మునిగింది. మళ్లీ మొదటికే. మళ్లీ మునిగింది. 

రచయిత మైకు అందుకోబోయాడు. "ఎడమ మీట నొక్కి పట్టుకోమంటే చాలు కదా!"

కోడలు అతని మణికట్టు పట్టుకుని ఆపింది. "వద్దు. ఇంట్లో ఆడేవాళ్ల పక్కన మీరూ నేనూ కూర్చుంటామా?"

"చూడలేకపోతున్నాను మేడమ్."

"నేను మాత్రం చూడగలుగుతున్నానా?"

ఈసారి అత్తగారు మీట మీంచి వేలు తియ్యలేదు. పడవ నిలకడగా కదిలింది. ఒడ్డున లాంతరు పట్టుకుని ఒక అమ్మాయి కనిపించింది. "మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలీదు. ఫర్వాలేదు, కలిసి వెళ్దామా?"

అత్తగారు తెర వైపు ముందుకు వంగారు. 

"ఎక్కవే తల్లీ" అన్నారావిడ, పక్కున నవ్వి.

పడవ రేవు చేరింది. దాని తర్వాతి రేవూ చేరింది. ఇక చాలని కోడలు పిలిస్తే, "ఉండమ్మాయ్, ఈ పిల్లని ఇల్లు చేర్చనీ" అని కసురుకున్నారు.

"ఇదే ఉంచండి" అన్నాడు యజమాని పొడిగా. రచయిత కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

బయటికొచ్చిన అత్తగారి మొహం వెలిగిపోతోంది. "భలే ఆటమ్మాయ్! అసలు దీన్ని మొట్టమొదట పుట్టించిన మనిషెవరు? నాకోసారి చూపించవూ?"

కోడలు ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

మతిమరుపు జబ్బు రాకముందు, ఆ ఆటను పుట్టించింది అత్తగారే.