పుల్ల దెబ్బ

"పుల్ల దెబ్బ ఏదిరా?" అన్నాడు పున్నారావు, కుర్చీ ముందుకు లాక్కుంటూ. "దుబ్బుమంటంది గానీ పుల్ల తగిలినట్టే లేదు. గోనెసంచి మీద గుద్దినట్టుంది."

మనోజ్ లాప్‌టాప్ మీంచి తలెత్తాడు. నరసరావుపేటలో ఎరువుల కొట్టు మీద ఒక్క గది అద్దెకు తీసుకుని, దానికి స్టూడియో అని బోర్డు పెట్టుకున్నవాడు. శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లకి దీపాల అలంకారంతో ఊరేగి వెళ్లే తమ ఊరి ఎత్తైన ప్రభకి కొత్త డ్రమ్ము శబ్దాలు చెయ్యమని పున్నారావే పని అప్పజెప్పాడు.

"ఉంది బాబాయ్. టామ్ డ్రమ్ముని కంప్యూటర్లో ఇట్టాగే పుట్టిస్తారు. ముందు ఉత్త మోత. అది పైన మొదలై గబుక్కున కిందికి జారిద్ది. ఎంత కిందికి జారితే అంత పెద్ద డ్రమ్ము. దాని నెత్తిన సర్రుమని చిన్న చప్పుడు అతికిస్తే, అదే పుల్ల దెబ్బ."

"అతికించావా మరి?"

"అతికించా."

"నాకు కథలు చెప్పమాక."

ఎవరి మాటా ఒక పట్టాన నమ్మే అలవాటు పున్నారావుకి లేదు. పాలవాడు నీళ్లు కలుపుతాడని గేదెను వాకిట్లోకి తోలించుకుని, కళ్లెదుట పిండించుకునే మనిషి. మొన్నటికి మొన్న, బాగుచేయించిన కుక్కర్ విజిల్ వెయ్యడం లేదని, మంచి వెయిట్ కొట్టేసి పనికిరానిది తగిలించాడని రిపేర్ల బాలకోటయ్యతో నడిబజార్లో తగాదా పెట్టుకున్నాడు. అలాంటివాడు మనోజ్‌ని వదులుతాడా? పైగా పోయినేడు పక్కూరి ప్రభకి సౌండు చేసిందీ వీడే.

అసలు భయం వేరే ఉంది. ఏళ్ల తరబడి తమ ప్రభ ముందు, డీజే బాక్సులకి ఎదురొడ్డి, తువ్వాలు ఊపుకుంటూ నడిచే చోటు ఆయనది. పోయిన శివరాత్రికి పక్కూరి అమరేశ్వరరావు ప్రభ మోత తమదాన్ని మింగేసిందని కుర్రకారు ఎగతాళి చేశారు. ఈసారీ అట్లాగే జరిగితే ఆ చోటు ఇంకొకరికి వదిలేస్తానని పున్నారావు రచ్చబండ దగ్గర నలుగురి ముందూ నోరు జారాడు. అది పోతే ఊళ్లో ఇక తల ఎత్తుకోలేడు. ఆ దిగులు ఆయనకి నిద్ర లేకుండా చేస్తోంది.

బల్ల మీద మనోజ్ ఫోను వెలిగింది. తెర మీద అమరేశ్వరరావు పేరు. మనోజ్ కంగారుగా కట్ చేసి ఫోను బోర్లా పెట్టాడు.

సైలెంట్‌లో పెట్టి మరీ నడుపుతున్నాడన్నమాట వ్యవహారం, అనుకున్నాడు పున్నారావు.

"ఆయన నీకెందుకు ఫోన్ చేస్తన్నాడు?"

"వాళ్ల ప్రభకి కూడా చెయ్యమంటన్నాడు బాబాయ్. కుదరదని చెప్పా."

పక్కన కూర్చున్న కూతురు నిఖిత ఏదో అంది.

"నోట్లో నోట్లో గొణగమాక అమ్మాయ్."

"మనోజ్ అట్టాంటోడు కాదు నాన్నా!" అంది నిఖిత, ఒక్కో మాటా విడదీసి.

సాక్ష్యానికి ఉంటుందని ఆయనే ఆ పిల్లని వెంటబెట్టుకొచ్చాడు. కానీ ఈమధ్య దాని మీదా నమ్మకం సడలుతోంది. తల్లీ కూతుళ్లు వంటింట్లో గుసగుసలాడుకుంటారు, తను వెళ్లగానే ఆపేస్తారు. గుంటూరు వెళ్లొద్దాం నాన్నా, ఆస్పత్రిలో చిన్న పనుంది అని ఒకటే పోరు. ఏం పనో మాత్రం చెప్పదు.

మనోజ్ తెర మీద పుల్ల దెబ్బ పెంచే నాబ్ కాస్త తిప్పి మళ్లీ నొక్కాడు. దుబ్బు. కిటికీ మీద వాలిన పావురాలు చివాల్న లేచిపోయాయి. బయట ఎవడో పొంచి ఉన్నాడని పున్నారావు ఒక్క ఉదుటున వెళ్లి తొంగిచూశాడు. ఎండలో ఖాళీ డాబా తప్ప ఏమీ కనిపించలేదు.

"పోయినేడాది మన ప్రభకి కొట్టిన సౌండుందా నీకాడ?" అన్నాడు వెనక్కి వచ్చి.

"ఉంది."

"వెయ్యి."

నమూనాకని కమిటీవాళ్లు ఇచ్చిన ఫైలుని మనోజ్ వెతికి వేశాడు. దుబ్బు. దుబ్బు. పున్నారావు ముఖం ఎర్రబడింది. ఆ మోతకి ఎదురుగా నిలబడి ఊగిపోయినవాడు తను. పుల్ల పడుతుంటే గుండెల్లో టకటకా తగిలేది. అదెక్కడా లేదు.

"దీన్ని కూడా మార్చేశావేంట్రా!"

"అదే ఫైలు బాబాయ్! నా పిల్లల మీద ఒట్టు, నేను ముట్టుకోలేదు."

నిఖిత ముఖం పాలిపోయింది. తండ్రి వైపు, మనోజ్ వైపు మార్చి మార్చి చూసింది.

"ఇదిగో, ఆఖరిసారి చెబుతున్నా," అన్నాడు పున్నారావు. "నీ పుల్ల దెబ్బ ఎంతుందో అంతా పెట్టు. పెట్టలేదో, సరుకు పక్కూరికి దాచిపెట్టావని సాయంత్రం కమిటీలో చెబుతా. ఈ మెట్లు ఇంకెవరూ ఎక్కరు."

"అంతా పెడితే బాగోదు బాబాయ్."

"బాగోకపోతే నేను పడతాలే. పెట్టు."

మనోజ్ నిఖిత వంక చూశాడు. ఆ పిల్ల ఒక్క క్షణం తటపటాయించి, పెట్టమన్నట్టు తలూపింది. పున్నారావు కంట అది పడనే పడింది. కన్న కూతురు కూడా వీడితో కుమ్మక్కయిందా? కోపం కంటే ముందు ఆయనకి బాధేసింది. ఇంట్లో, బయటా తనకంటూ ఒక్క మనిషి మిగల్లేదనిపించింది.

మనోజ్ నాబ్‌ని చివరిదాకా తిప్పాడు. కళ్లు చికిలించి నొక్కాడు.

దుబ్బు. మళ్లీ అదే గోనెసంచి.

దొంగ దొరికాడు. పున్నారావు బల్ల మీద చరిచాడు. "చూశావా అమ్మాయ్! పుల్ల దెబ్బ ఎక్కడన్నా ఉందా? నువ్వే చెప్పు!" అంటూ కూతురి వైపు తిరిగాడు.

నిఖిత రెండు చెవులూ గట్టిగా మూసుకుని ఏడుస్తోంది.