నీలం లైటు కారు

“హారన్ కొట్టరా బాబూ! గొర్రెల దగ్గర కూడా ఈ మర్యాదేమిట్రా నీకు?”

మెలిస్ హారన్ కొట్టలేదు. మంద మొత్తం రోడ్డు దాటేదాకా బ్రేకు మీద కాలుంచి కూర్చున్నాడు. పక్క సీట్లో సత్తార్ ముసలాయన తెల్ల టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, సంచిలోంచి ఎండు పెరుగుండ ఒకటి తీసి అతని చేతిలో పెట్టాడు.

“తిను. సైకిలు తొక్కేవాడు కూడా మనల్ని దాటిపోతున్నాడు. నీలాంటి టాక్సీవాణ్ని నా జన్మలో చూళ్లేదు.”

ప్రతి గురువారం ఇదే ప్రయాణం. ఊరి నుంచి దొలోన్ కనుమ మీదుగా పట్నానికి, అక్కడి ట్రాఫిక్ పోలీసు ఆఫీసుకి. మెలిస్ ఈ ఊరొచ్చి టాక్సీ పెట్టుకుని ఏడు నెలలైంది. గురువారం నాడు ఈ ముసలాయన్ని తప్ప ఇంకెవర్నీ ఎక్కించుకోడు. బాడుగ మాటెత్తితే వినిపించుకోడు. సత్తార్ తమ్ముడికి పెళ్లీడు కూతురు ఉంది గనక, ఇందుకు కారణం కనిపెట్టడం ఊరివాళ్లకి పెద్ద కష్టం కాలేదు.

“మా బురుల్ కోసమే నువ్వీ తిప్పలు పడుతున్నావని మా మరదలు అంటోంది. నిజమేనా?”

“ఊరుకోండి పెదనాన్నా.”

“సిగ్గుపడకురా. పిల్ల బంగారం. వంటే కాస్త...” అని ముసలాయన నవ్వాడు.

కనుమ ఎక్కి రెండో మలుపు రాగానే ఆ నవ్వు ఆగిపోయింది. రెండు అరచేతులూ మొహం మీదుగా కిందికి దించుకుని దువా చేసుకున్నాడు. మెలిస్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

పోయిన చలికాలం ఇక్కడే జరిగింది. భార్య అనార్‌కుల్‌కి గుండెనొప్పి వస్తే సత్తార్ తన పాత కారులో పట్నానికి బయల్దేరాడు. ఈ మలుపులో, మంచులో, కారు మొరాయించింది. కనుమ మీద ఫోన్ పలకదు. అప్పుడు సైరన్ మోగించుకుంటూ, నీలం లైటు తిప్పుకుంటూ తెల్ల కారొకటి వచ్చింది. సత్తార్ రోడ్డుకి అడ్డంపడి ఆపాడు. కురుస్తున్న మంచు, పైగా కళ్లలోకి కొట్టే లైటు. లోపలున్నవాడి మొహం కనిపించలేదు. వాడు దిగనూ లేదు. గరగరలాడే మైకులోనే మాట్లాడాడు.

“పోలీస్! ఇక్కడే ఉండండి. కిందికి దిగగానే అంబులెన్సుకి ఫోన్ చేస్తాను. ఎక్కడికీ కదలొద్దు.”

పావుగంటకి బొగ్గు లారీ ఒకటి వచ్చి ఆగింది. ఆవిణ్ణి ఎక్కించండి, ఆస్పత్రి దగ్గర దింపేస్తానన్నాడు డ్రైవరు. “అక్కర్లేదు నాయనా, పోలీసాయన చెప్పాడు, అంబులెన్సు వచ్చేస్తోంది” అని సత్తారే పంపేశాడు. మూడు గంటలు ఎదురుచూశాడు. అంబులెన్సు రాలేదు. అనార్‌కుల్ అతని ఒళ్లోనే పోయింది.

అప్పటినుంచి ముసలాయనకి ఒకటే గోల. ఆ పోలీసాయన కనబడాలి. కొట్టడానికీ కాదు, కేసు పెట్టడానికీ కాదు. ఫోన్ చేశాడా లేదా అని అడగాలి. చేసుంటే, తను ఆగడంలో తప్పులేదు, ఆవిడకి అంతే రాసిపెట్టి ఉందనుకుంటాడు. చెయ్యకపోతే, లారీని పంపేసి ఆవిణ్ణి చేజేతులా పోగొట్టుకున్నట్టే.

“చేసే ఉంటాడంటావా?” అని తిరుగు ప్రయాణంలో ప్రతివారం అడుగుతాడు.

“చేసే ఉంటాడు పెదనాన్నా” అంటాడు మెలిస్. ఆ ఒక్క మాటతో ముసలాయనకి కొన్ని రోజులు నిద్ర పడుతుంది.

ఎప్పుడూ మెలిస్ ఆఫీసు బయటే ఉండిపోతాడు. ఇవాళ ముసలాయన మోకాళ్లు మెట్లెక్కనివ్వలేదు. రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్లాల్సి వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ కాదిర్ ఇద్దరికీ టీ పోశాడు. “తాతా, మూడుసార్లు వెతికించాను. ఆ రోజు మా బండి ఒక్కటి కూడా కనుమ మీదికి రాలేదు. వాడు పోలీసు కాదు.”

“లైటుంది కదయ్యా. సైరనుంది. మైకుంది.”

కాదిర్ గది మూలకి చెయ్యి చూపించాడు. నీలం లైట్లు, సైరన్ పెట్టెలు అక్కడ గుట్టగా పడున్నాయి. “ఇవన్నీ ఈ నెలలో పీకినవే. బజార్లో ఉల్లిపాయల్లా అమ్ముతున్నారు. పెళ్లి విందుకి ఆలస్యమైందని ఒకడు పెడతాడు, పిల్ల ముందు గొప్పకి ఇంకొకడు. పోలీసంటే అందరూ దారిస్తారుగా!”

ముసలాయన ఆ గుట్టకేసి చూశాడు. “దొంగ పోలీసయినా మనిషేగా. ఫోన్ చేసి ఉండొచ్చు కదా?”

“ఆ రోజు మంచుకి లైన్లన్నీ అస్తవ్యస్తం. ఏ ఫోనొచ్చిందో ఎక్కడా రాసిలేదు. అది వాడొక్కడికే తెలియాలి. ఇంక రాకండి తాతా. మీరొచ్చి వెళ్లిన రోజున నాకు ముద్ద దిగదు.” మెలిస్ వైపు తిరిగాడు. “నువ్వైనా చెప్పు తమ్ముడూ.”

మెలిస్ తలూపాడు. అతని టీ అలాగే ఉండిపోయింది.

తిరుగుదారిలో ముసలాయన జోకులు వెయ్యలేదు. ఆ మలుపు దగ్గరికి వచ్చాక గొంతు సవరించుకున్నాడు.

“ఇదే ఆఖరు. ఇంక నిన్ను ఇబ్బంది పెట్టనులే. చేసే ఉంటాడంటావా?”

మెలిస్ కారు పక్కకి తీసి ఆపాడు. ఇంజను కట్టేశాడు.

“ఏంట్రా, బండి చెడిందా?”

“లేదు.”

“మరి చెప్పవేం? నువ్వా మాటంటేనే నాకింత ధైర్యం. కడుపున పుట్టినవాడు కూడా నీలా తిప్పడురా నన్ను.”

ఎప్పుడూ అనే మాట అనేస్తే సరిపోయేది. మెలిస్‌కి కళ్లనిండా నీళ్లు వచ్చేశాయి.

“నేను ఫోన్ చెయ్యలేదు, పెదనాన్నా.”